అడగకూడని డబ్బు

జూన్ 1. ఉదయం 6.40. కారులో

ఆరున్నర స్లాట్ మనిషి ఇంకా రాలేదు. ఈలోపు రాసుకుంటాను.

నిన్న మా ఇంట్లో పెద్ద ఒప్పందం జరిగింది. ఇక మీద ప్రతి ఒకటో తేదీన ఇద్దరి జీతాలూ ఒకచోట వేసి, అద్దె, సరుకులు, కరెంటు, కారు లోన్ పోను, ఎవరి చేతిఖర్చు వాళ్ళకు విడిగా తీసేయాలి. ఆ డబ్బు ఏం చేశావని రెండోవాళ్ళు అడగకూడదు. ఐడియా నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న బ్యాంకావిడది. వాళ్ళింట్లో ఐదేళ్ళుగా ఇదే పద్ధతట, ఒక్క గొడవ లేదట. ఆవిడకు రివర్స్ గేర్ ఇంకా పట్టుబడలేదు గాని సంసారం మాత్రం బాగానే నడుపుతోంది.

నాకు రెండు వేలు రాసుకున్నాను. మా ఆవిడకూ అంతే రాయబోయాను. వద్దు, నాకు ఏడువందలు చాలంది. ఐదు వందలు కాదు, వెయ్యి కాదు. ఏడువందలు. ఎందుకని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అడగకూడదన్న రూల్ పెట్టిందే నేను.

జూన్ 4

ఏడువందలకు ఏం వస్తుంది?

జూన్ 11. సాయంత్రం 6.30

తను ఒక కంపెనీలో కస్టమర్ కేర్. తొమ్మిదింటి నుంచి ఐదున్నర దాకా హెడ్‌సెట్ పెట్టుకుని లోకంలో వాళ్ళ తిట్లన్నీ తింటుంది. ఫ్రిజ్ చల్లబడడం లేదని ఒకరు, వాషింగ్ మెషిన్ గంతులేస్తోందని ఇంకొకరు. ఎంత తిట్టినా, మీ సమస్య మాకు అర్థమైంది సర్ అనాలట.

ఆరుకల్లా ఇంట్లో ఉండేది. ఈ నెల ఏడవుతోంది. బస్సు దొరకలేదట. పది రోజులుగా ఆ బస్సు దొరకడం లేదు.

నేను ఐదుకే వచ్చి కూర్చుంటాను. రోజంతా జరిగినవి నాలుక చివర పెట్టుకుని గడియారం చూస్తాను. ఈ గంట నన్ను చంపేస్తోంది. నా దగ్గర నేర్చుకునేవాళ్ళు చాటుగా నన్ను రేడియో అంటారని నాకు తెలుసు. ఆపడానికి బటన్ లేదని కూడా అంటారట. అననీ. పక్కసీట్లో నేను మాట్లాడకపోతే సగంమంది భయంతో స్టీరింగ్ వదిలేస్తారు.

జూలై 1

పద్నాలుగు వందలు కావాలంది.

తల వంచుకుని రాశాను. పెంచితే వెయ్యికి పెంచాలి, లేదా పదిహేను వందలకు. ఈ లెక్కేమిటి? కావాలంటే మూడు వేలు తీసుకో, నా దాంట్లోంచి ఇస్తానన్నాను. అక్కర్లేదు, పద్నాలుగు వందలే అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. ఈలోపు నాకు కారు ఇన్సూరెన్స్ సంగతి గుర్తొచ్చి అది మొదలుపెట్టాను. తను ఏం చెప్పబోయిందో ఇప్పుడు అడిగితే బాగుండదు.

జూలై 3

ఎనిమిదింటికి వచ్చింది.

జూలై 7. మధ్యాహ్నం, పెట్రోల్ బంకులో

రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు అనుమానం వచ్చింది.

పెళ్ళయి పదిహేనేళ్ళు. ఏనాడూ తన ఫోన్ ముట్టుకోలేదు. నిన్న తను స్నానానికి వెళ్తే ముట్టుకున్నాను. తెరవలేదు, ముట్టుకున్నాను. తేలు కుట్టిన దొంగలా మళ్ళీ టేబుల్ మీద పెట్టేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదంటారు అందరూ. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేకుండా ఉన్నాను. బ్యాంకావిడ, ఇంట్లో ఎలా ఉంది, రూల్ బాగా పనిచేస్తోందా అని అడిగింది. బ్రహ్మాండం అన్నాను. ఆవిడ రివర్స్ చేస్తూ చెత్తకుండీని గుద్దింది. బ్రేకు నా కాళ్ళ దగ్గర కూడా ఉంది. వేయడం మరిచిపోయాను.

జూలై 11. రాత్రి భోజనాలయ్యాక

ఈ రోజు నేను చేసింది మగవాళ్ళెవరూ చేయని పని. చేసినా ఇలా చేసి ఉండరు.

ఉదయం నేర్చుకునే రిటైరైన పోస్టుమాస్టరు గారిని ఈ రోజు సాయంత్రం ఐదింటికి రమ్మన్నాను. మా ఆవిడ ఆఫీసు ఎదురుగా కారు ఆపించాను. తను బస్సెక్కింది. ఆ బస్సు వెనకాలే వెళ్ళాలి, ఈ రోజు పాఠం ఇదే అన్నాను. ఆయన ఇరవై స్పీడు దాటరు. బస్సు ఆగిన ప్రతిచోటా మేమూ ఆగాం. మూడో స్టాపులో ఎవరో మాది షేర్ ట్యాక్సీ అనుకుని తలుపు తీశాడు. పోస్టుమాస్టరు గారికి చెమటలు. నాకూ చెమటలే, కారణాలు వేరు.

మా స్టాపుకు రెండు స్టాపుల ముందే దిగింది. జిరాక్స్ షాపు పక్కన మెట్లెక్కింది. ఆయన్ని కారులోనే ఉండమని నేనూ ఎక్కాను. పైన ఎవడున్నా చొక్కా పట్టుకుంటానని అనుకున్నాను.

పైన ఒక స్టడీ హాల్ ఉంది. పరీక్షలకు చదువుకునేవాళ్ళు నెలకింత కట్టి కూర్చునే చోటు. చెక్క అడ్డాలతో వరుసగా కుర్చీలు. తలుపు పక్కన గోడకు రేట్లు అంటించారు. రోజుకు గంట, నెలకు ఏడువందలు. రెండు గంటలు, పద్నాలుగు వందలు.

పద్నాలుగో నంబర్ కుర్చీలో తను. ముందు పుస్తకం లేదు, ఫోన్ లేదు. చేతులు రెండూ టేబుల్ మీద పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. నిద్ర కాదు, ఏడుపు కాదు. ఊరికే కూర్చుంది. ఆ ముఖం అంత తేలిగ్గా ఉండడం నేను చూసి ఎన్నేళ్ళయిందో.

పిలవబోయాను. ఇన్‌చార్జి ముసలాయన పెదాల మీద వేలు పెట్టి, నా తల వెనకున్న బోర్డు చూపించాడు. మాట్లాడరాదు.

మెట్లు దిగి వచ్చేశాను. పోస్టుమాస్టరు గారు, ఇంత నేర్చుకున్న రోజు ఇంకొకటి లేదండీ అన్నారు.

జూలై 12

మగాడెవడైనా ఉండి ఉంటే వాడితో పోట్లాడేవాణ్ణి. కుర్చీతో ఏం పోట్లాడను?

జూలై 13. ఉదయం 6.20

నేను మాట్లాడని చోటు కోసం తను డబ్బు కడుతోంది. ఎలా తిప్పి రాసినా ఇదే వస్తోంది.

నిజం చెప్పాలంటే, ఎదుటివాళ్ళు ఊరుకుంటే నా మీద కోపంగా ఉన్నారేమోనని నాకు భయం. అందుకే ఖాళీ దొరికితే నింపేస్తాను. పదిహేనేళ్ళుగా మా ఇల్లంతా నింపేశాను. తన మాటకు చోటు మిగిల్చానో లేదో చూసుకోలేదు.

జూలై 14

ఈ రోజు నుంచి ఇంట్లో మౌనం.

జూలై 16

తను నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరమా అంది.

జూలై 18

భోజనాల దగ్గర పోస్టుమాస్టరు గారి యూటర్న్ సంగతి ఒక్క రెండు నిమిషాలు చెబుదామని నోరు తెరిచాను. గడియారం చూసేసరికి గంటన్నర. తను కంచం ముందు అలాగే కూర్చుని ఉంది, చెయ్యి ఎండిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆగస్టు 1

ఈ నెల నాకేమీ వద్దు, సున్నా రాయండి అంది!

రాశాను. సున్నా ఇంత అందంగా ఉంటుందని తెలియదు. స్టడీ హాల్ మానేసిందన్నమాట. ఏమీ అడగలేదు. అడగకుండానే అన్నీ సర్దుకున్నాయి. సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉంది.

ఆగస్టు 9

తను ఇంత బాగా వినడం ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. ముఖంలోకే చూస్తుంది. నేను నవ్వితే నవ్వుతుంది. ఆగిన చోటల్లా ఊఁ అంటుంది. పోస్టుమాస్టరు గారు లైసెన్స్ టెస్టు పాసైన కథ మొత్తం చెప్పాను. తన ముఖం కూడా తేలిగ్గానే ఉంది, ఆ కుర్చీలో ఉన్నట్టే. బ్యాంకావిడకు స్వీట్ డబ్బా కొనిచ్చాను, నా చేతిఖర్చులోంచి.

ఆగస్టు 17. సాయంత్రం

నేను మాట్లాడుతుండగా తను జుట్టు పైకెత్తి ముడి వేసుకుంది. చెవుల్లో నారింజ రంగు స్పాంజి బిరడాలు. రెండు చెవుల్లోనూ.

తను గమనించలేదు. నేను సగంలో ఉన్న వాక్యం పూర్తి చేశాను. ఊఁ అంది.

ఆగస్టు 18

మందుల షాపులో అడిగాను. జత ముప్పై. జాగ్రత్తగా వాడుకుంటే నెలంతా వస్తాయట.

సెప్టెంబర్ 1

తను ఎదురుగా కూర్చుంది, జుట్టు చెవుల మీదికి వదులుగా వేసుకుని. అంతా చెప్పాను. ఫోన్ ముట్టుకున్నానని, బస్సు వెనక వచ్చానని, ఆ కుర్చీలో చూశానని. నువ్వు ఊరుకుంటే నాకు భయమేస్తుందని. నన్ను క్షమించమని. నా ముఖంలోకే చూస్తూ, ఆగిన చోటల్లా ఊఁ అంది.

ఈ నెల నీకు ఎంత రాయమంటావని అడిగాను.

ఊఁ అంది.