ఆకురాయి పెట్టిన ర్యామ్

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మెట్లు దిగేటప్పుడు తప్ప మీ అమ్మ మోకాలు పేచీ పెట్టడం లేదు. మీరిద్దరూ క్షేమమని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాం.

నువ్వడిగినవాటికి జవాబులు. కళ్ళజోడు మార్చాను. కుట్టుమిషన్ల రిపేర్లు రోజుకి మూడు నాలుగు వస్తున్నాయి. దుకాణం తలుపు కిర్రుమనడం మానలేదు. "ఊరందరి మిషన్లకీ నూనె వేస్తారు, మన తలుపు ఏం పాపం చేసిందో" అని మీ అమ్మ రోజూ దెప్పుతూనే ఉంది.

ఇక ర్యామ్ సంగతి. వాడిన లాప్‌టాప్ కొన్నానని, నత్తనడక నడుస్తోందని, ఏ ర్యామ్ కొనాలో నన్నే చెప్పమని రాశావు. ముందు కరెంటు తీసేసి, బ్యాటరీ ఊడదీసి, అడుగు మూత తియ్యి. లోపలున్న ర్యామ్ మీద చిన్న చీటీ ఉంటుంది. పీసీ త్రీ అని ఉంటే డీడీఆర్ త్రీ, పీసీ ఫోర్ అని ఉంటే డీడీఆర్ ఫోర్. ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు. త్రీ పక్కన ఎల్ అక్షరం ఉంటే ఎల్ ఉన్నదే తీసుకో, అది తక్కువ ఓల్టేజి రకం. పెట్టే చోట్లు రెండున్నాయో ఒకటేనో చూసుకో. ఆ మోడల్ ఎన్ని జీబీల వరకు తీసుకుంటుందో కంపెనీ కాగితాల్లో ఉంటుంది. కొత్తదాని అంచులో ఉన్న నొక్కు, లోపలి మిట్ట ఎదురెదురుగా రావాలి. రాలేదంటే అది ఆ యంత్రానిది కాదు. బలవంతం చెయ్యకు.

ఈ ఆఖరి మాట ఎలా నేర్చుకున్నానో కూడా రాయాలి. రెండు రోజులుగా ఇక్కడిదాకా రాసి కాగితం మడిచేస్తున్నాను.

ఎనిమిది నెలల కిందట మీరొచ్చినప్పుడు నీ పాత లాప్‌టాప్ నేను చూస్తానన్నాను. మీ అమ్మతో కలిసి మీరు ముగ్గురూ బజారుకెళ్ళారు. నేను కొనుక్కొచ్చింది డీడీఆర్ ఫోర్, దానికి కావలసింది త్రీ. నాకు తెలియదు. తెలియదని ఎవరినీ అడగనూ లేదు. ముక్క సరిగ్గా కూర్చోకపోతే మన పనిలో ఏం చేస్తాం? ఆకురాయితో అరగదీసి సరిపెడతాం. నొక్కూ అరగదీశాను, అంచూ అరగదీశాను. అదిమి పెట్టి స్విచ్చి వేశాను. కమురు వాసన వచ్చింది. కిటికీలు తీసి, మూత బిగించేశాను.

మీరొచ్చాక, "లోపల తడి తగిలినట్టుందమ్మా" అన్నాను. ఆ రోజు నా పనుల పుస్తకంలో కూడా తడి అనే రాసుకున్నాను.

నువ్వు వెంటనే అల్లుడుగారి వైపు తిరిగావు. "మొన్న దీని పక్కన నీళ్ళ గ్లాసు పెట్టింది మీరే కదూ?"

"పెట్టాను. ఒలికినట్టు గుర్తులేదు."

"మీకెప్పుడు గుర్తుంది గనక?"

ఆయన కాసేపు ఆలోచించి, "ఒలికే ఉంటుందిలే. తప్పు నాదే" అన్నారు. నేను స్క్రూలు ఏరుతున్నట్టు బల్ల కిందికి వంగాను.

ఇంతటితో అయిపోలేదు. పారెయ్యమని వదిలి వెళ్ళావు కదా, నాలుగు నెలల కిందట దాన్ని లాప్‌టాప్‌లు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ర్యామ్ బయటికి తీసి, "బాబాయిగారూ, దీన్నెవరైనా కొరికారా?" అంది. ఆవిడకు కూడా నిజం చెప్పలేదు. "బోర్డు కాలింది గానీ డిస్కుకి ఏమవుతుంది? మీవన్నీ ఇందులో భద్రంగానే ఉంటాయి" అని తన కంప్యూటరుకి తగిలించింది. వినపడని పిల్లల కోసం నువ్వు గీసిన పాఠాల బొమ్మలు రెండు వందలూ ఉన్నాయి. ఏనుగు, గొడుగు, చెయ్యి కడుక్కుంటున్న పిల్ల. అన్నీ చూశాను.

ఆ డిస్కు అప్పటినుంచీ నా సొరుగులో ఉంది. పంపితే లాప్‌టాప్ ఎలా పోయిందో చెప్పాలి. చెప్పలేక ఊరుకున్నాను. అక్కడ నువ్వు బొమ్మలన్నీ పోయాయనుకుని, అవే మళ్ళీ మొదటినుంచీ గీస్తున్నావని తెలిసి కూడా ఊరుకున్నాను. ఎనభైకి వచ్చాయని, కళ్ళు మంటలని మొన్న రాశావు. దాని కిందే, "ఈ లాప్‌టాప్ దగ్గరికి మాత్రం మీ అల్లుణ్ణి రానివ్వను, చేతిలో గ్లాసుంటే గుమ్మం బయటే" అని రాశావు. మీ అమ్మ పైకి చదివి పడీపడీ నవ్వింది. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఎందుకని అడిగితే అంతా చెప్పాను. "నాకు చెప్తే సరిపోతుందా?" అని మాత్రం అంది.

డిస్కు గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నువ్వు కోప్పడతావు, పడాలి. అల్లుడుగారికి వేరే ఉత్తరం రాయబోయాను. మర్యాద మాటలు తప్ప ఏమీ రాలేదు, చింపేశాను. అందుకని ఇది ఆయన ముందు కూర్చుని పైకి చదువు, ఒక్క ముక్క వదలకుండా. విన్నాక ఆయన ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. నా మొహం చూసి మెత్తగా రాయకు.

ఇట్లు,
తప్పు తనదని తెలిసీ అల్లుడి మీద వదిలేసిన
మీ నాన్న