బొగ్గుల పెట్టెకు తాళం

బిట్రగుంట రైల్వే కాలనీ,
12-11-62

అమ్మకు షంషున్నీసా సలాం. పాపా నేనూ బాగున్నాం, కంగారు పడొద్దు.

బాగాలేనిది నీ అల్లుడి బుద్ధే. రోజంతా ఇంజనులో పారలకు పారలు బొగ్గు పోసే మనిషి, ఇంట్లో కుంపటికి పూటకు ఆరు ముక్కలు లెక్కపెట్టి ఇస్తాడు. సబ్బును దారంతో నాలుగు ముక్కలు కోసి, నెలంతా వాడమంటాడు. మొన్న బొగ్గుల పెట్టెకు తాళం వేసి, చెవి జేబులో పెట్టుకొని బెజవాడ డ్యూటీకి వెళ్లిపోయాడు. బయట ముసురు, ఎండు పుల్ల ఒక్కటి లేదు. పాప పాలకు గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కింటి పెంచలమ్మక్కను గొడ్డలి అడిగి తెచ్చి పెట్టె పగలగొట్టాను. ఆయన బొగ్గు ఒక్కటి ముట్టలేదు, ఆ పెట్టె చెక్కలతోనే పాలు కాచాను.

తిరిగొచ్చి, "పెట్టె ఏమైందే?" అని అరిచాడు.

"బొగ్గులన్నీ అట్నే ఉండాయి, లెక్క చూసుకోండి" అన్నాను. అప్పటినుంచి నాతో మాటల్లేవు.

తమ్ముడితో కుంపట్లోకి ఒక గోతం కొబ్బరి చిప్పలు పంపు. నాయనకు దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? నాయనకు నా సలాం చెప్పు.

ఇదంతా కవరులో రాయాల్సిన సంగతే. కవరు దండగని నీ అల్లుడే ఈ కార్డు తెచ్చిచ్చాడు. పోస్టాఫీసులో అందరూ చదువుతారు. చదవనీ.