గున్నమ్మ మేత దాచిపెట్టు

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు కూడబలుక్కుని చదివాను. మీ ఆయన పోయిన దగ్గర్నుంచీ గున్నమ్మ మేత ముట్టడం లేదని, గేటు దగ్గరే తల ఊపుకుంటూ నిలబడుతోందని రాశావు. నా కొడుకు సాకిన ఆ ఏనుగు ఇప్పుడు నీ చేతుల్లో ఉంది, నీ దిగులు నాకు తెలుసు తల్లీ. కానీ గుమ్మడికాయ ముక్కలు కోసి దాని నోటి ముందు పెడుతున్నానన్నావే, అది మానెయ్.

వాడు దానికి గడ్డిని గోనెసంచిలో కుక్కి ఎత్తున కట్టేవాడు. పళ్లు పాత టైర్లో దూర్చేవాడు, రోజుకో చోట. "దాని బుర్రకి కూడా ఆకలేస్తుందమ్మా" అనేవాడు. ఆ ఎత్తులన్నీ ముందు నా మీదే. పల్లీలు మూటగట్టి వంటింట్లో దాచి, వెతుక్కోమనేవాడు. "నేనేమన్నా ఏనుగునట్రా?" అంటే, "అది నీ అంత మొండిది కాదులే" అని నవ్వేవాడు.

వాడు పోయాక ఇరుగుపొరుగువాళ్లు కంచం తెచ్చి ముందు పెట్టినా ముద్ద గొంతు దిగలేదు. మొన్న అటక దులుపుతుంటే డబ్బా వెనక ఒక మూట దొరికింది. వాడు వేసిన ముడి ఓ పట్టాన ఊడదు కదా, పళ్లతో పీకి విప్పాను. పల్లీలు మెత్తబడిపోయాయి. ఏడుస్తూనే ఒక్కటి మిగల్చకుండా తిన్నాను. ఆ పూట అన్నం కూడా వండుకున్నాను. ఇంకో మూట ఉందేమోనని రోజూ ఒక్కో అర వెతుకుతున్నాను.

అందుకే చెప్తున్నా, గున్నమ్మని వెతుక్కోనీ.

నీకు దాచిపెట్టడానికి నేను దగ్గర లేను. నువ్వు మాత్రం కంచం ముందు పెట్టుకుని కడుపునిండా తిను.