కథీడ్రల్ కోడి కూయలేదు

శాంతో డొమింగో, బుధవారం

అమ్మకు ఒబ్దులియా దండాలు. నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

మొరాకో యుద్ధం నుంచి ఆయన ఉత్తరం రాక చాలా రోజులైంది. కథీడ్రల్ గోడ మీది గూట్లో పెంచే తెల్లకోడిపుంజు మనం అక్కడ ఉండగా కూస్తే కొడుకు క్షేమంగా తిరిగొస్తాడని అత్తగారి నమ్మకం. ఆవిడకు చెవుడు కదా, వినడానికి నిన్న నన్ను వెంటబెట్టుకెళ్లారు. ఎంతసేపు నిలబడినా అది కూయలేదు. గంటలు కొట్టే ముసలాయన, "ఏం కోడలా, ముందు నువ్వు కూసి చూపించు, చూసి నేర్చుకుంటుంది!" అని నవ్వాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అంతలో అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "కూసిందా అమ్మాయీ?" అన్నారు. ఆ మొహం చూసి, కూసిందని తల ఊపేశాను.

ఇంటికొచ్చి ఆవిడ కడుపునిండా శనగల కూర తిన్నారు. కొడుకు చొక్కాలన్నీ ఉతికి ఆరేశారు. నాకేమో అప్పట్నుంచీ ఒక్కచోట కాలు నిలవడం లేదు.

నాన్న దగ్గు తగ్గిందా? శనివారం సంతకు వచ్చేటప్పుడు మా ఆయన మేజోళ్లకు ఊలు తీసుకురా. సంత పేరు చెప్పి నాతో కథీడ్రల్‌కు రా అమ్మా, ఒక్కదాన్నే నిలబడాలంటే సిగ్గు. అది కూసిందంటే నేను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది.

తమ్ముడికి ముద్దులు. నీ దీవెనలు ముందు ఆయనకు, తర్వాతే నాకు.

నీ ఒబ్దులియా