ఉన్న కాలికే మళ్లీ కాలు

కృత్రిమ అవయవాల పంపిణీ అధికారి గారి సముఖమునకు, సికింద్రాబాద్.

అయ్యా,

విషయం: నా భార్య శ్యామలమ్మకు లేని ఎడమకాలిని వదిలేసి, ఉన్న కుడికాలికి కాలు మంజూరు చేసిన తమ బ్లాక్‌చెయిన్ ఘనత గురించి.

1. షుగరు ముదిరి నా భార్య ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. కార్ఖానా బస్తీలో మా కర్రీ పాయింట్ ఆమె చేతి వంట మీదే నడిచేది. ఆమె పొయ్యి దగ్గర నిలబడలేక షట్టరు దించేశాము.

2. ఆస్పత్రిలో తమ మనిషి "ఏ కాలమ్మా?" అని అడిగాడు. మిగిలింది ఏదని అడుగుతున్నాడనుకుని ఆమె "కుడిది" అన్నది. తలెత్తి చూస్తే సరిపోయేది. చూడటం తమ పద్ధతిలో లేదు కాబట్టి కంప్యూటర్లో 'కుడి' అని నొక్కేశాడు.

3. ఆస్పత్రి, కాళ్లు తయారుచేసే కంపెనీ, రవాణా సంస్థ, తమ కార్యాలయం, నలుగురికీ ఈ బ్లాక్‌చెయిన్‌లో ఒకటే రికార్డట. ఒకసారి ఎక్కితే చెరపలేరట, మిగతా పనంతా దానంతటదే జరిగిపోతుందట. జరిగిపోయింది. కుడికాలు వచ్చింది. వాపసు పంపితే, కొలత కుదరలేదనుకుని ఇంకో కుడికాలు పంపారు. ఇంత చురుకుగా తప్పు చేసే ఆఫీసును నా టైపిస్టు ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

4. హెల్ప్‌డెస్క్‌లో అభిరామ్ అనే అబ్బాయిని కలిశాను.

"అంకుల్, చెయిన్‌ల ఎక్కినదాన్ని ఎవ్వరూ మార్చలేరు. అదే దాని స్పెషాలిటీ."

"మరి తప్పు ఎక్కితే?"

"తప్పు సుత సేఫ్‌గనే ఉంటది అంకుల్."

నా టైపుమిషను మీద తప్పు పడితే తెల్లరంగు పూసి దిద్దేవాణ్ని. అది తెలివిలేని యంత్రం కాబట్టి నా మాట వినేది.

5. పాత ఎంట్రీ కింద సవరణ వేయవచ్చట, నలుగురూ ఒప్పుకోవాలట. ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగోవారు తమరు. కాలు అందింది కనుక మా ఫిర్యాదు దానంతటదే పరిష్కారమైపోయిందనీ, ఇక అది సారు ముందుకు రాదనీ తమ గుమాస్తా సెలవిచ్చాడు.

కావున తమరు ఒక్క వేలు కదిపి, సవరణకు ఒప్పుకుని, ఎడమకాలు ఇప్పించ ప్రార్థన. తమలాంటివారిని బతిమాలడం నాకు సిగ్గుగానే ఉంది. ఆరిన పొయ్యి కేసి ఆమె చూస్తూ కూర్చుంటే నావల్ల కావడం లేదు.

చిత్తమన్నది ఉంటే చిత్తగించవలెను.

తమ విధేయుడు (వేరే దారి లేక),
భద్రయ్య,
విశ్రాంత టైపిస్టు, కార్ఖానా.

తా.క.: ఇది ఆమెకు చదివి వినిపించాను. "ఏందయ్యా, గిన్ని దండాలెందుకు? నన్నే తోల్కపో" అన్నది. సోమవారం తీసుకొస్తున్నాను. మీ గదిలోకి కుడికాలు ముందు పెట్టే వస్తుంది. ఆ తరువాత ఏ కాలు వేయాలో మీ చెయిన్‌ను అడిగి ఉంచండి.