పాతరలోకి దించని లాంతరు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఎమ్మిగనూరులో నేలలో తవ్విన మన జొన్నల పాతర మూడు రోజుల కింద తెరిచినారు. పురుగు చావడానికి పోసిన కార్బన్ డైసల్ఫైడ్ మందు కంపు ఇంకా వస్తాంది. లోపల గాలి మంచిదో కాదో చూడాలని పెదనాయన లాంతరు వెలిగించినాడు, నిరుడు నీ చేతికిచ్చినట్టే. లోపల మంట లేచి నువ్వు కాలిపోయింది తలరాతని ఆయన నమ్మకం.

"దించొద్దు పెదనాయనా, ఆ ఆవిరి అంటుకుంటాది."

"తాతల నాటినుంచి దించుతాండాం. నాలుగు పుస్తకాలు చదివి నాకు చెప్తావా పాపా?"

దూరంగా పోయి, చిప్పలో ఆ మందు నాలుగు చుక్కలు పోసి, కాచిన ఇనుప కడ్డీ దగ్గరగా చూపినాను. కడ్డీకి మంటే లేదు, అయినా చిప్ప భగ్గుమనింది.

పెదనాయన లాంతరు ఆర్పేసినాడు. మూడు రోజులుగా పాతరకు గాలి తగలనిస్తా, వీధి మొగన మంచం వేసుకొని కూర్చున్నాడు. బీడీతో వచ్చినోళ్ళను ఆడనే ఆపుతాండాడు.

"యాడికిరా? మా పాప ఇంకా దిగమనలేదు."