చెప్పుల షాపు ముందరి బెంచీ

పురపాలక కార్యాలయం, వీధుల నిర్వహణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రంగు వేయుటకు తీసుకుపోయిన బెంచీని, రంగు లేకుండానైనా తిరిగి వేయించుట గురించి.

నేను నీటి గొట్టాలు బిగించే పనివాడిని. తక్కువ మాటల్లో ముగిస్తాను.

1. నా భార్యకు క్లోమంలో క్యాన్సరు. గడ్డ ఒత్తిడికి పైత్యరసం పోయే దారి మూసుకుపోయి మనిషంతా పచ్చబడింది. డాక్టరు గారు నోటి గుండా పరికరం దింపి, ఆ దారిలో స్టెంటు అనే చిన్న గొట్టం నిలిపారు. కామెర్లు దిగిపోయాయి. గోడ పగలగొట్టకుండా గొట్టం వేయడం నాకు ఇంతవరకు చేతకాలేదు కనుక వారికి నమస్కరించాను.

2. పచ్చదనం పోయింది గాని కండ నిలవడం లేదు. కుట్టుమిషను తొక్కి తొక్కి రాయిలా ఉండే పిక్కలు వదులైపోయాయి. నేను రోజూ జమాఖర్చులు రాసుకుంటాను. ఎంత తినిపించినా ఆమె బరువు ఖర్చు వైపే పడుతోంది. "బాగా తినాలి, నడవాలి. వచ్చే నెల చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలిగితే కీమో మొదలుపెడదాం. కండ లేకపోతే ఒళ్ళు ఆ మందుకి తట్టుకోదమ్మా" అని డాక్టరు గారు చెప్పారు.

3. మా గేటు నుంచి వీధి చివరకు సగం దూరంలో చెప్పుల షాపు, దాని ముందు తమ బెంచీ. అక్కడ కూర్చుని, ఆయాసం తీర్చుకుని, తనంతట తను లేచి మిగతా సగం నడిచేది. పోయిన వారం తమ సిబ్బంది ఆ బెంచీని ఎత్తుకుపోయారు. తమ గుమాస్తా గారిని అడిగితే "మీ ఇంట్లో కుర్చీ లేదా?" అన్నారు. ఉంది.

4. ఆ కుర్చీని మోసుకుంటూ ఆమె వెనక నడిచాను. చెప్పుల షాపాయన "ఇల్లు మారుతున్నారా బాబాయ్?" అన్నాడు. ఇంకొకాయన కుర్చీ ఎంతకిస్తారని బేరమాడాడు. నా భార్య ఆగిపోయి, "మీరలా వెనకాల కుర్చీ మోసుకొస్తుంటే ఊరేగింపులా ఉంది. బాజా ఒక్కటే తక్కువ. పదండి ఇంటికి" అంది. అప్పటినుంచి గేటు దాటడం లేదు.

కావున తమరు దయతలచి, డాక్టరు గారు చూసే రోజు రాకముందే బెంచీ వేయించవలెనని కోరుతున్నాను. బెంచీకి ఊగే కాలు ఒకటుంది, అది నేనే బిగిస్తాను. రంగు ఆరకపోయినా ఫరవాలేదు, పాత దుప్పటి పరుచుకుంటాం. ఇంతకు మించి చెప్పవలసింది లేదు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చెప్పుల షాపు వీధి గొట్టాల పనివాడు

తా.క. అయ్యా, ఇది రాస్తున్నది నేను, ఆయన భార్యను. కవరు అంటించమని ఇస్తే చదివాను. చెప్పవలసింది ఉంది. ఈయన ఇంట్లో లెక్కలు తప్ప మాట్లాడరు. ఆ బెంచీ మీద, నాకు ఆయాసం తీరేదాకా ఊరికే కూర్చోలేక నోరు విప్పుతారు. పోయిన వారం, పెళ్ళికి ముందు నన్ను మొదటిసారి ఎక్కడ చూశారో చెప్పడం మొదలుపెట్టారు. మా ఇంట్లో పైపు పగిలిన రోజట. సగంలో ఎవరో పలకరిస్తే "మిగతాది రేపు" అన్నారు. తెల్లారేసరికి బెంచీ లేదు. ఇంట్లో అడిగితే "చెప్తాలే" అంటున్నారు. బెంచీ వేయించండి. ఆ మిగతా సగం కోసమైతే నేను అంత దూరం నడుస్తాను.